తెలిసే చేశారు: హోలోకాస్ట్ సినిమాల్లో మామూలు మనుషులు

ఇంటికి ఒక మూట వస్తుంది. నిండా ఆడవాళ్ల బట్టలు. పనమ్మాయిలను తలా ఒకటి తీసుకోమంటుంది ఇంటావిడ. తన కోసం వచ్చిన బొచ్చుకోటును మాత్రం గదిలోకి పట్టుకెళ్లి, తలుపు వేసుకుని, అద్దం ముందు తొడుక్కుని అటూ ఇటూ తిరిగి చూసుకుంటుంది. జేబులో లిప్‌స్టిక్ తగులుతుంది. ఎవరో వాడుతూ ఉన్నది. దాన్ని తన పెదాలకు రాసుకుని చూసుకుంటుంది.

జొనాథన్ గ్లేజర్ 2023లో తీసిన ‘ది జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్’లో సీను ఇది. ఆ ఇంటావిడ పేరు హెడ్విగ్ హోస్. ఆమె భర్త రుడాల్ఫ్ హోస్, ఆక్రమిత పోలెండ్‌లో నాజీలు నడిపిన ఆష్విట్జ్ క్యాంపు కమాండెంట్, అంటే అధిపతి. వాళ్ల పెరటి గోడకు అవతలే క్యాంపు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేలోపు ఆ క్యాంపుకు దాదాపు 13 లక్షల మందిని తరలించారు. అందులో దాదాపు 11 లక్షల మందిని చంపేశారు. చనిపోయిన వాళ్లలో ఎక్కువ భాగం, దాదాపు 10 లక్షల మంది, యూదులు.

ఈ సినిమా గురించి చాలామంది రాసిన మాట ఒకటే: పక్కనే అంత ఘోరం జరుగుతుంటే పట్టకుండా బతికేసిన కుటుంబం కథ అని. నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. పట్టకపోవడం అంటే ఆ విషయం బుర్రలోకి ఎక్కకపోవడం. హెడ్విగ్‌కు అన్నీ ఎక్కాయి. కోటు ఎక్కడి నుంచి వచ్చిందో, దాని యజమానురాలు ఏమైందో ఆమెకు తెలుసు. తెలిసే జేబులో చెయ్యి పెట్టింది. నాజీలు యూదులను మూకుమ్మడిగా చంపిన హోలోకాస్ట్ మీద వచ్చిన సినిమాలను బేరీజు వేయడానికి నేను పట్టుకునే కొలబద్ద ఇదే. మామూలు మనుషుల చేతుల మీదుగా జరిగిన దుర్మార్గాన్ని చూపిస్తామని చెప్పే సినిమా, ఆ మనుషులకు ఏం తెలుసో, అందులో వాళ్లకు ఏం దక్కిందో చూపిస్తోందా, దాస్తోందా?

ముందు ఈ ‘మామూలుతనం’ అనే ఆలోచన ఎక్కడ మొదలైందో చూద్దాం. నాజీ జర్మనీ, దాని తోడుదొంగలు కలిసి దాదాపు 60 లక్షల మంది యూదులను చంపారు. అంతమందిని చంపాలంటే ద్వేషం ఒక్కటే చాలదు. జాబితాలు రాసేవాళ్లు కావాలి, రైళ్లు నడిపేవాళ్లు కావాలి, శవాలు కాల్చే కొలిమిలు డిజైన్ చేసే ఇంజినీర్లు కావాలి, ఖాళీ అయిన ఇళ్లలోని సామాను లెక్కగట్టి వేలం వేసేవాళ్లు కావాలి. ఈ రైళ్ల ఏర్పాట్లు చూసిన అధికారి అడాల్ఫ్ ఐష్‌మన్. యుద్ధం తర్వాత అర్జెంటీనాలో దాక్కున్న అతన్ని ఇజ్రాయెల్ గూఢచారులు 1960లో పట్టుకెళ్లారు. 1961 ఏప్రిల్‌లో జెరూసలేంలో విచారణ మొదలైంది. గాజు పెట్టెలో కూర్చోబెట్టిన ఆ మనిషిని చూసి లోకం నివ్వెరపోయింది. రాక్షసుణ్ణి చూస్తామనుకుంటే, కళ్లజోడు సర్దుకుంటూ కాగితాలు తిరగేస్తున్న గుమాస్తా కనిపించాడు.

ఆ విచారణను చూసి రాసిన తత్వవేత్త హన్నా ఆరెంట్. నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన యూదురాలు. 1963లో వచ్చిన తన పుస్తకంలో ఆమె, ఐష్‌మన్‌లో పైశాచికమైన లోతు ఏదీ లేదనీ, ఎదుటి మనిషి వైపు నుంచి ఒక్క క్షణమైనా ఆలోచించే శక్తి అతనికి లేదనీ, అరిగిపోయిన ఆఫీసు మాటలతోనే బతికాడనీ అంది. దుర్మార్గపు మామూలుతనం అన్న మాట అప్పటి నుంచే వాడుకలోకి వచ్చింది.

వాడుకలోకి వచ్చాక ఆ మాటకు ఆమె ఉద్దేశించని అర్థాలు రెండు తగులుకున్నాయి. మొదటిది: ఐష్‌మన్ పెద్ద యంత్రంలో చిన్న మర మాత్రమే, కాబట్టి పాపం తక్కువ. ఆరెంట్ అలా అనలేదు. అతన్ని ఉరి తీయడం సరైనదేనని స్పష్టంగా రాసింది. రెండోది: మనందరిలోనూ ఒక ఐష్‌మన్ ఉన్నాడు. దీన్నీ ఆమె ఒప్పుకోలేదు. అందరూ దోషులే అంటే ఇక ఎవరూ దోషి కానట్టే కదా. కానీ సినిమాల మీద ఆరెంట్ కన్నా ఈ రెండు అపార్థాల ప్రభావమే ఎక్కువ.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1957లో, పట్టుబడక ముందు, ఐష్‌మన్ బ్యూనస్ ఎయిర్స్‌లో విల్లెం సాసెన్ అనే పాత నాజీ ముందు గంటల తరబడి మాట్లాడాడు. టేపులు రికార్డయ్యాయి. జర్మన్ పరిశోధకురాలు బెట్టినా స్టాంగ్నెట్ వాటినీ, వాటి రాతప్రతులనూ వెతికి తీసి 2011లో పుస్తకంగా తెచ్చింది. వాటిలో ఐష్‌మన్ కోర్టులో కనిపించిన గుమాస్తా కాడు. తాను ఊరికే ఆజ్ఞలు అందుకున్న వాణ్ణి కాననీ, ఆలోచించి పనిచేసిన ఆదర్శవాదిననీ గొప్పలు చెప్పుకుంటాడు. లెక్కల్లో ఉన్న కోటీ 3 లక్షల మంది యూదులనూ చంపి ఉంటే తృప్తిగా ఉండేదంటాడు. అంటే జెరూసలేంలో లోకం చూసిన ‘పాపం గుమాస్తా’లో కొంత భాగం ప్రాణం కాపాడుకోవడానికి కట్టిన వేషం.

దీంతో ఆరెంట్ ఆలోచన మొత్తం కొట్టుకుపోయిందా? నా ఉద్దేశంలో లేదు. ఐష్‌మన్ అనే ఒక్క మనిషి విషయంలో ఆమె అంచనా తప్పి ఉండవచ్చు. కానీ ఆ పనిలో పాల్గొన్న వేలాది మంది విషయంలో ఆమె లేవనెత్తిన ప్రశ్న అలాగే ఉంది. చరిత్రకారుడు క్రిస్టఫర్ బ్రౌనింగ్ పరిశోధించిన రిజర్వ్ పోలీసు బెటాలియన్ 101నే తీసుకోండి. ఎక్కువమంది హాంబర్గ్ నుంచి వచ్చిన నడివయసు వాళ్లు. రేవు కూలీలు, లారీ డ్రైవర్లు, గుమాస్తాలు. 1942 జులై 13న పోలెండ్‌లోని యూజెఫుఫ్ అనే ఊళ్లో యూదులను కాల్చి చంపాలని వాళ్లకు ఆజ్ఞ వచ్చింది. వాళ్ల మేజర్ విల్హెల్మ్ ట్రాప్ ఆ పని మనసుకు పట్టనివాళ్లు తప్పుకోవచ్చని అందరి ముందూ చెప్పాడు. దాదాపు 500 మందిలో ముందుకొచ్చి తప్పుకున్నది పన్నెండు మంది లోపే. తప్పుకున్న వాళ్లకు శిక్ష ఏమీ పడలేదు. ఆ రోజు దాదాపు 1,500 మంది ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను అడవిలోకి తీసుకెళ్లి కాల్చారు. ఆజ్ఞ కాదంటే మా ప్రాణం పోయేది అన్న వాదన ఇక్కడ నిలబడదు. తప్పుకునే దారి వాళ్ల కళ్ల ముందే ఉంది.

ఇప్పుడు సినిమా దగ్గరికి వద్దాం. ఇలాంటి దుర్మార్గం సినిమాకు సులువుగా లొంగదు. సినిమాకు మొహం కావాలి, ఎంట్రీ కావాలి. మన తెలుగు సినిమాలో విలన్ వస్తున్నాడంటే నేపథ్య సంగీతం ముందే చెబుతుంది, కెమెరా కాళ్ల దగ్గర మొదలై పైకి వెళ్తుంది. టైమ్ టేబుల్ మీద సంతకం పెట్టే మనిషికి అలాంటి ఎంట్రీ ఎలా ఇస్తారు?

స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1993లో తీసిన ‘షిండ్లర్స్ లిస్ట్’ ఈ చిక్కును పాత దారిలోనే దాటింది. పొద్దున్నే బాల్కనీలోకి వచ్చి, సిగరెట్ నోట్లో పెట్టుకుని, కింద పనిచేస్తున్న ఖైదీలను తుపాకీతో కాల్చే క్యాంపు కమాండెంట్ ఆమోన్ గోట్‌ను ఒకసారి చూసినవాళ్లు మరిచిపోలేరు. అది కల్పన అని నేననడం లేదు. నిజమైన గోట్ కూడా పోలెండ్‌లోని ప్వాషుఫ్ క్యాంపులో ఖైదీలను ఇష్టం వచ్చినట్టు కాల్చి చంపాడు. 1946లో ఉరికంబం ఎక్కాడు. నా పేచీ వేరే ఉంది. అతన్ని చూస్తున్నంతసేపూ ప్రేక్షకుడికి లోపల్లోపల ఒక ఊరట దొరుకుతుంది: వీడు నాలాంటి వాడు కాదు అని. అదే సినిమాలో నన్ను ఎక్కువ కలవరపెట్టేవి గోట్ లేని సీన్లు. మొదట్లో ప్లాట్‌ఫారం మీద మడతబల్లలు తెరిచి, సిరాబుడ్లు, స్టాంపులు పెట్టుకుని యూదుల పేర్లు టైపు చేసుకునే గుమాస్తాలు. రైలెక్కించిన వాళ్ల సూట్‌కేసులను విప్పి బూట్లు ఒకవైపు, ఫొటోలు ఒకవైపు, వెండి సామాను ఒకవైపు విడదీసే పద్ధతి. ఒక నగల పనివాడి ముందు ఎవరో గుమ్మరించే బంగారు పళ్లు. ఆ పనివాడూ యూదుడే. సినిమా జనానికి గుర్తుండిపోయింది బాల్కనీ వల్ల. నేరం నడిచింది మాత్రం ఆ మడతబల్లల మీద.

బల్లల దగ్గరే కూర్చున్న సినిమాలు కూడా ఉన్నాయి. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలో వాన్‌జే అనే చెరువు ఒడ్డున ఉన్న బంగళాలో 15 మంది అధికారులు సమావేశమయ్యారు. అధ్యక్షత వహించినవాడు నాజీ భద్రతా పోలీసు అధిపతి రైన్‌హార్డ్ హైడ్రిష్. మినిట్స్ రాసింది ఐష్‌మన్. హాజరైన వాళ్లలో దాదాపు సగం మందికి డాక్టరేట్లు ఉన్నాయి, ఎక్కువగా న్యాయశాస్త్రంలో. అజెండా: యూరప్ యూదుల ‘తుది పరిష్కారం’, అంటే వాళ్లందరినీ చంపేయడం. దేశాలవారీగా ఒక పట్టిక, కింద మొత్తం కోటీ 10 లక్షలు. మినిట్స్ 30 ప్రతులు తీస్తే, 1947లో విదేశాంగ శాఖ ఫైళ్లలో దొరికింది ఒక్కటే. ఈ సమావేశం మీద మూడు సినిమాలు వచ్చాయి. 1984లో జర్మన్ టీవీ కోసం హైంజ్ షిర్క్ తీసింది, 2001లో ‘కాన్‌స్పిరసీ’ పేరుతో ఫ్రాంక్ పియర్సన్ ఇంగ్లిష్‌లో తీసింది, 2022లో మాటి గెషోనెక్ మళ్లీ జర్మన్‌లో తీసింది.

మూడింటిలోనూ తుపాకీ పేలదు. శవం కనిపించదు. కూర్చుని మాట్లాడుకుంటారు, తింటారు, తాగుతారు, గంటన్నరలో లేచిపోతారు. అలాంటప్పుడు సినిమాలో టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది? చంపాలా వద్దా అన్న చర్చ నుంచి రాదు. అప్పటికే చంపడం మొదలైపోయింది. 1941 సెప్టెంబరు చివర్లో కీవ్ పక్కనే ఉన్న బాబి యార్ లోయలో రెండు రోజుల్లో 33,771 మందిని కాల్చేశారు. డిసెంబరులో పోలెండ్‌లోని హెల్మ్నోలో, లోపలికి విషవాయువు వదిలే గ్యాస్ లారీలతో చంపడం ప్రారంభమైంది. వాన్‌జేలో గొడవంతా ఎవరి శాఖకు ఎంత అధికారం అన్నదాని మీదే. అంతర్గత వ్యవహారాల శాఖ నుంచి వచ్చిన విల్హెల్మ్ ష్టుకార్ట్ గట్టిగా అడ్డుపడతాడు. అతను యూదుల పౌరహక్కులు లాగేసిన న్యూరెంబర్గ్ చట్టాలకు వ్యాఖ్యానం రాసిన లాయరు. అతని అభ్యంతరం మనుషులను చంపడం మీద కాదు. సగం యూదులు, పావు యూదులు అంటూ చట్టంలో తాము పక్కాగా గీసిన గీతలను హైడ్రిష్ మనుషులు చెరిపేస్తే పాలన గందరగోళమవుతుందని అతని బాధ. దానికి బదులు వాళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించమంటాడు. ఆక్రమిత పోలెండ్ తరఫున వచ్చిన యోసెఫ్ బ్యూలర్ మా దగ్గరే మొదలుపెట్టండి, రవాణా పెద్ద సమస్య కాదు అని విన్నవించుకుంటాడు. ఇవి సినిమా కోసం పుట్టించినవి కావు, ఆ మినిట్స్‌లోనే ఉన్నాయి.

‘కాన్‌స్పిరసీ’ చూస్తున్నప్పుడు నాకు చిత్రంగా ష్టుకార్ట్ పక్షం వహించాలనిపించింది. ఎదిరిస్తున్నాడు కదా అని. దేన్ని ఎదిరిస్తున్నాడో గుర్తొచ్చేసరికి ఒళ్లు జలదరించింది. ఆ సినిమా బలం అక్కడుంది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఆ గదిలోని అలవాట్లన్నీ పరిచయమే. పై అధికారి మూడ్ కనిపెట్టడం, అభ్యంతరాన్ని ‘సలహా’గా మార్చి చెప్పడం, అసలు నిర్ణయం ముందే అయిపోయిందని తెలిసీ చర్చలో పాల్గొన్నట్టు కనిపించడం. చంపడం అన్న మాటను మినిట్స్‌లో ‘తూర్పుకు తరలింపు’ అని రాశారు. గదిలో మాత్రం చంపడం గురించే సూటిగా మాట్లాడుకున్నారని ఐష్‌మనే తర్వాత కోర్టులో చెప్పాడు. మెత్తటి మాట ఫైలు కోసం. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ అసలు అర్థం తెలుసు.

క్లోద్ లాంజ్‌మన్ తీసిన ‘షోఆ’ (1985) ఈ విషయాన్ని ఇంకా లోతుకు తీసుకెళ్లింది. తొమ్మిదిన్నర గంటల డాక్యుమెంటరీ. అందులో ఒక్క పాత దృశ్యం ఉండదు. శవాల గుట్టలు ఉండవు. బతికి బయటపడ్డవాళ్లు, ఊళ్లలో చూస్తూ ఉన్నవాళ్లు, క్యాంపుల్లో పనిచేసినవాళ్లు మాట్లాడతారు. అంత పొడవు సినిమా ఎవరు చూస్తారని అడగకండి. నాలుగు రోజులుగా విడగొట్టుకుని చూసినా సరే, చూడాల్సిన సినిమా.

అందులో వాల్టర్ స్టియర్ అనే విశ్రాంత రైల్వే అధికారి ఉంటాడు. ఆక్రమిత పోలెండ్‌లో ‘ప్రత్యేక రైళ్ల’ టైమ్ టేబుళ్లు చూసిన విభాగం అతనిది. ట్రెబ్లింకా అనే మరో మరణశిబిరానికి, ఆష్విట్జ్‌కు వెళ్లిన రైళ్లు ఆ బల్ల మీదుగానే కదిలాయి. తాను ఒక్క రైలు కూడా కళ్లతో చూడలేదంటాడు. పని ఎంత ఎక్కువంటే బల్ల వదిలి లేచే తీరిక లేదట. ట్రెబ్లింకా అంటే తనకు ఒక గమ్యస్థానం మాత్రమే అంటాడు. లాంజ్‌మన్ కోప్పడడు. ఇంకొంచెం వివరంగా చెప్పండి అన్నట్టు అడుగుతూ పోతాడు.

తర్వాత చరిత్రకారుడు రౌల్ హిల్బర్గ్ ఒక కాగితం చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. రైల్వే టైమ్ టేబుల్ ఉత్తర్వు. ఎన్ని గంటలకు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, నిండుగా వెళ్లి ఖాళీగా ఎలా తిరిగిరావాలి అన్నీ అందులో ఉన్నాయి. రైల్వే ఈ ప్రయాణానికి చార్జీ వసూలు చేసిందని కూడా ఆయన చెబుతాడు. మూడో తరగతి టికెట్ ధర, కిలోమీటర్ల లెక్కన. పదేళ్ల లోపు పిల్లలకు సగం టికెట్. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఉచితం. 400 మందికి తగ్గకుండా ఉంటే గ్రూపు రాయితీ. వెళ్లడానికే టికెట్, తిరుగు టికెట్ లేదు. మామూలు విహారయాత్రలకు టికెట్లు ఇచ్చే ట్రావెల్ సంస్థ ద్వారానే బిల్లులు నడిచాయి. డబ్బు ఎక్కడి నుంచి? చంపబోయే యూదుల నుంచి లాక్కున్న ఆస్తిలోంచి. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఉచితం అనే వరుస దగ్గర నేను సినిమా ఆపేసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఆ రాయితీని ఎవరూ క్రూరత్వంతో పెట్టలేదు. అది అన్ని రైళ్లకూ ఉన్న పాత నిబంధన. ఎవరో ఒక గుమాస్తా ఈ రైళ్లకు కూడా దాన్ని తప్పు లేకుండా వర్తింపజేశాడు. ఆ లెక్క కట్టాలంటే రైలులో నాలుగేళ్ల లోపు పిల్లలు ఉన్నారని అతనికి తెలిసి ఉండాలి.

పాత దృశ్యాలు వాడకూడదని లాంజ్‌మన్ పట్టుబట్టడం వెనక సినిమావాళ్ల మధ్య ఎప్పటి నుంచో నడుస్తున్న ఒక వాదన ఉంది. 1960లో ఇటలీ దర్శకుడు జిల్లో పొంటెకోర్వో తీసిన ‘కాపో’లో ఒక ఖైదీ కరెంటు కంచె మీద పడి ప్రాణం తీసుకుంటుంది. కెమెరా ఆమె శవం వైపు నెమ్మదిగా జరిగి, వేలాడుతున్న చేతిని ఫ్రేములో అందంగా అమర్చుకుంటుంది. ఫ్రెంచ్ విమర్శకుడు జాక్ రివెట్ మరుసటి ఏడాది దీని మీద రాస్తూ, ఆ ఒక్క కెమెరా కదలిక తీయాలని నిర్ణయించుకున్న మనిషి ధిక్కారానికి తప్ప దేనికీ తగడన్నాడు. మరీ కఠినం అనిపించవచ్చు. కానీ ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనది: ఇంత ఘోరాన్ని కంటికి ఇంపుగా మలిచే హక్కు నీకెవరిచ్చారు? హంగేరీ దర్శకుడు లాస్లో నెమెష్ 2015లో ‘సన్ ఆఫ్ సాల్’ తీసినప్పుడు దానికి తనదైన జవాబు ఇచ్చాడు. గ్యాస్ ఛాంబర్ల దగ్గర శవాలు మోయించిన ఖైదీల దళంలో ఒకడి మొహానికీ భుజానికీ కెమెరాను అతికించేశాడు. చుట్టూ జరిగేదంతా మసకగానే ఉంటుంది, శబ్దం మాత్రం చెవుల్లోకి వచ్చి పడుతుంది.

అంతకన్నా ముందే, 1956లో, అలెన్ రెనే తీసిన అరగంట డాక్యుమెంటరీ ‘నైట్ అండ్ ఫాగ్’ విషయంలో జరిగింది ఇంకా పాఠం చెప్పే కథ. అందులో శవాలున్నాయి, బుల్డోజర్లున్నాయి. ఫ్రెంచ్ సెన్సారులో కొందరు వాటి మీద కూడా అభ్యంతరం చెప్పారు. కానీ అసలు గొడవ వేరే. ఫ్రాన్స్‌లోని పితివియే అనే క్యాంపులో కాపలా కాస్తున్న ఒక మనిషి ఫొటో మీద. అతని తల మీద ఉన్నది ఫ్రెంచ్ పోలీసు టోపీ. అది కనిపిస్తే ఈ పనికి ఫ్రెంచ్ వాళ్లూ చెయ్యి వేశారని ఒప్పుకున్నట్టవుతుంది. చివరికి ఆ టోపీ మీద ఒక దూలం గీసి కప్పేస్తేనే సినిమా బయటికొచ్చింది. శవాలు తెర మీదే ఉండిపోయాయి. కప్పాల్సి వచ్చింది ఒక మామూలు కానిస్టేబుల్ టోపీని. ఆ సినిమాకూ లోపం ఉంది. చచ్చిపోయినవాళ్లలో అత్యధికులు యూదులన్న విషయం అందులో వినిపించీ వినిపించనట్టు ఉంటుంది.

‘ది జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్’ ఈ వాదనలన్నిటి తర్వాత వచ్చింది, అన్నీ విని వచ్చింది. గ్లేజర్ క్యాంపు పక్కనే ఒక ఇంటిని అప్పటి హోస్ ఇల్లులా తీర్చిదిద్దించి, గదుల్లో పది దాకా కెమెరాలు దాచి, టెక్నీషియన్లందరినీ బయటికి పంపేసి నటులను వదిలేశాడు. ఎవరి మొహం మీదికీ కెమెరా దూసుకుపోదు. గోడ అవతల ఏం జరిగిందో ఒక్క ఫ్రేము చూపించదు. వినిపిస్తుంది. తుపాకీ చప్పుడు, కేకలు, కొలిమిల హోరు. సౌండ్ డిజైనర్ జానీ బర్న్ ఏడాది పాటు సాక్ష్యాలు చదివి, ఏ శబ్దం ఏ దూరం నుంచి ఎలా వినబడి ఉంటుందో లెక్కగట్టి ఆ ధ్వనిని కూర్చాడు. దానికి ఆయనకూ టార్న్ విల్లర్స్‌కూ ఆస్కార్ వచ్చింది. కళ్ల ముందు పిల్లలు ఈతకొలనులో ఆడుకుంటుంటారు. కాసేపటికి ఆ హోరు మన చెవులకు అలవాటు పడిపోతుంది. సినిమాలో అన్నిటికన్నా భయం వేసింది అక్కడే నాకు.

ఆ సినిమాలో ఒక చిన్న సంభాషణను చాలామంది దాటేస్తారు. హెడ్విగ్ తల్లి చూడ్డానికి వస్తుంది. తోట చూసి మురిసిపోతుంది. ఒకప్పుడు తాను ఇళ్లు శుభ్రం చేసిన యూదు యజమానురాలు ఇప్పుడు ఆ గోడ అవతల ఉందేమో అని మామూలుగా అనుకుంటుంది. ఆ ఇంటి సామాను వేలం వేసినప్పుడు కర్టెన్లు తనకు దక్కలేదని, ఇంకెవరో ఎక్కువ పాడుకున్నారని వాపోతుంది. ఆ వేలాలు చరిత్రలో నిజంగా జరిగాయి. హాంబర్గ్ లాంటి నగరాల్లో యూదుల కుర్చీలు, దుప్పట్లు, వంటపాత్రలు బహిరంగంగా అమ్మారు. జనం వరుసకట్టి కొనుక్కున్నారు. ద్వేషం లేనివాడు కూడా చవగ్గా వచ్చిన బల్ల వదులుకోలేదు. వదులుకోనివాడికి ఆ బల్ల యజమాని తిరిగి రాకూడదనే ఉంటుంది.

హోస్‌కు బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు హెడ్విగ్ ఆ ఇల్లు వదిలి రానంటుంది. ఇక్కడ కష్టపడి తోట పెంచుకున్నాం, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు, మనం కలలుగన్న బతుకు ఇదే అంటుంది. ఇదీ ఊహించి రాసింది కాదు. ఆ ఇంట్లో తోటపని చేసిన ఖైదీ యుద్ధం తర్వాత ఇచ్చిన వాంగ్మూలంలో, ఇక్కడే బతుకుతాను, ఇక్కడే చస్తాను అని ఆమె అన్నట్టు ఉంది.

ఈ హెడ్విగ్ పక్కన ఇంకో కమాండెంట్ భార్యను నిలబెట్టి చూడండి. 2008లో వచ్చిన ‘ది బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పజామాస్’లో భర్త ఏం చేస్తున్నాడో భార్యకు తెలియదు. పొగ వాసన గురించి ఒకడు నోరు జారితే అప్పుడు తెలిసి కుప్పకూలుతుంది. కొడుక్కీ ఏమీ తెలియదు, కంచె అవతలి యూదు పిల్లాడితో స్నేహం చేసి, చివరికి అతనితో పాటే గ్యాస్ ఛాంబర్‌లోకి వెళ్లిపోతాడు. హాలంతా ఏడుస్తుంది. ఎవరి కోసం? కమాండెంట్ కొడుకు కోసం. లోపల అతని పక్కన నిలబడిన వందల మందికి పేర్లుండవు. దీనికి మూలమైన నవలను హోలోకాస్ట్ చరిత్ర చదివేవాళ్లు, బోధించేవాళ్లు దూరంగా పెట్టాలని ఆష్విట్జ్ మ్యూజియమే 2020లో చెప్పింది. అదే 2008లో వచ్చిన ‘ది రీడర్’లో క్యాంపు గార్డుగా పనిచేసిన ఆమెకు చదువు రాదు. ఆ రహస్యం కాపాడుకోవడానికే చేయని నేరం కూడా ఒప్పుకుంటుంది. కేట్ విన్స్‌లెట్ నటన గొప్పదే. కానీ నిరక్షరాస్యత అనే గుర్తు ప్రేక్షకుణ్ణి ఎటు నడిపిస్తుంది? తెలియక చేసింది పాపం అనే వైపు. వాన్‌జే గదిలో అంతమంది డాక్టరేట్లు కూర్చున్నారన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

ఇక ‘అందరిలోనూ ఒక ఐష్‌మన్ ఉన్నాడు’ అన్న అపార్థం ఎక్కడి దాకా వెళ్తుందో మన దేశంలోనే చూశాం. 2023 జులైలో ఓటీటీలో వచ్చిన హిందీ సినిమా ‘బవాల్’లో ఒక జంట తమ దాంపత్యంలోని గొడవలను రెండో ప్రపంచయుద్ధం సాక్షిగా సర్దుకుంటారు. ప్రతి బంధమూ తన ఆష్విట్జ్ గుండా వెళ్తుందనే డైలాగు ఉంది. హీరో హీరోయిన్లు గ్యాస్ ఛాంబర్‌లో ఊపిరాడక గింజుకుంటున్నట్టు ఊహించుకునే సీను ఉంది. సైమన్ వీసెంతాల్ సెంటర్ అనే యూదు మానవహక్కుల సంస్థ ఆ సినిమాను తీసేయమని కోరింది. చంపినవాళ్లు ఎవరు, చంపబడ్డవాళ్లు ఎవరు అన్నది చెరిపేసి, ఆ చోటును మన మనసులోని చిరాకులకు పోలికగా మార్చేస్తే మిగిలేది ఏమీ లేదు. తీసినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు. చరిత్ర తెలియని కుర్రాళ్లకు పరిచయం చేద్దామనే అనుకుని ఉంటారు. అలాంటి పరిచయం కన్నా తెలియకపోవడమే నయం.

వీటన్నిటికీ ఇంకో కొరత ఉంది. దాదాపు అన్ని సినిమాలూ 1945 దగ్గర ఆగిపోతాయి. క్యాంపు గేట్లు తెరుచుకుంటాయి, సైనికులు వస్తారు, తెర చీకటవుతుంది. మామూలు మనుషులు మాత్రం ఆ తర్వాతే నిజంగా మామూలు బతుకుల్లోకి వెళ్లారు. ఆష్విట్జ్‌లో మందుల విభాగం చూసిన విక్టర్ కపేసియస్ యుద్ధానికి ముందు రొమేనియాలో మందుల కంపెనీ ప్రతినిధి. 1944లో రైలు దిగినవాళ్లలో అతన్ని గుర్తుపట్టినవాళ్లు, ఒకప్పుడు అతనితో వ్యాపారం చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లను కూడా అతను గ్యాస్ వైపు పంపాడు. యుద్ధం అయ్యాక పశ్చిమ జర్మనీలోని గ్యోపింగెన్‌లో మందుల షాపు పెట్టుకుని బాగా స్థిరపడ్డాడు. ఆష్విట్జ్‌లో హోస్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన రాబర్ట్ ముల్కా హాంబర్గ్‌లో వ్యాపారి అయ్యాడు. అరెస్టయ్యేదాకా వాళ్లు ఇరుగుపొరుగుకు మర్యాదస్తులే. ప్రాసిక్యూటర్ ఫ్రిట్జ్ బావర్ పట్టుదల వల్ల 1963 డిసెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాళ్ల విచారణ మొదలైంది. ఆ విచారణకు దారితీసిన రోజుల మీద జూలియో రిచ్చారెల్లి 2014లో ‘లాబిరింత్ ఆఫ్ లైస్’ తీశాడు. యువ లాయరు హీరోగా, ప్రేమకథ కలిపి తీసిన సినిమా అది. కపేసియస్ లాంటి వాళ్లు అందులో వెనక వరుసలోనే ఉండిపోయారు.

‘కాన్‌స్పిరసీ’ చివర ఒక్కొక్కరి మొహం మీద ఆ తర్వాత ఏమయ్యాడో అక్షరాలు పడతాయి. కొందరు ఉరి, కొందరు యుద్ధంలో చావు, కొందరు విడుదల. వాన్‌జేలో బల్ల చుట్టూ కూర్చున్న ఆ 15 మందిలో గెర్హార్డ్ క్లోఫర్ అనే నాజీ పార్టీ అధికారి కూడా ఉన్నాడు. సాక్ష్యాలు చాలవని అతన్ని వదిలేశారు. ఉల్మ్ నగరంలో లాయరుగా ప్రాక్టీసు పెట్టి 1987 దాకా బతికాడు. చనిపోయినప్పుడు కుటుంబం పేపర్లో వేయించిన ప్రకటనలో, తన పరిధిలోకి వచ్చిన అందరి మేలు కోసం నిండు జీవితం గడిపాడని రాయించారు. నాకు చూడాలని ఉన్న సినిమా ఆ ఉల్మ్ లాయరు ఆఫీసులో మొదలయ్యేది. అతని జూనియర్లు, అతని క్లయింట్లు, ఆ ప్రకటనకు డబ్బు తీసుకుని రసీదు రాసిచ్చిన పేపరు ఆఫీసు గుమాస్తా, వాళ్లలో ఎవరికి ఎంత తెలుసో చూపించే సినిమా.